మైనం గిన్నెకు ఉష్ణోగ్రత కంట్రోలర్ అమర్చడం



మీ ఇంట్లో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఉంటే, ప్లగ్గు తీసేసి, లోపలి గిన్నె బయటపెట్టి అడుగున ఒకసారి చూడండి. మధ్యలో స్ప్రింగు మీద కూర్చున్న గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది. దాని లోపల అయస్కాంతం ఉంది. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. నీళ్లను బియ్యం పీల్చుకుని, మిగిలినవి ఆవిరయ్యాక అడుగు ఇంకా వేడెక్కడం మొదలవుతుంది. సుమారు 103 డిగ్రీల దగ్గర ఆ బిళ్లలోని ఫెర్రైట్ అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది. స్ప్రింగు దాన్ని తోసేస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. వేడిని తెలుసుకోవడం, దాన్ని ఒక హద్దుతో పోల్చుకోవడం, కరెంటును ఆపడం. ఏ కంట్రోలర్ అయినా చేసేవి ఈ మూడు పనులే.

ఈ ప్రసంగంలో ఆ మూడు పనులనూ ఒక చిన్న మైనం గిన్నెకు ఎలా అమర్చాలో చూద్దాం. పుదుచ్చేరికి పడమర దిక్కున, పది కిలోమీటర్ల లోపు దూరంలో విల్లియనూరు ఉంది. అక్కడి టెర్రకోట బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1870ల నాటి లూర్దు మాత క్షేత్రం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఈస్టరు తర్వాత జరిగే ఉత్సవానికి దూరదూరాల నుంచి జనం వస్తారు. వచ్చినవారు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ కొవ్వొత్తులు పోసే ఒక చిన్న షెడ్డులో, కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో, నేను ఈ గిన్నెను అమర్చాను. పనిచేసేవారిలో పెద్దామె కుటుంబం యానాం నుంచి వచ్చి స్థిరపడింది. అందుకని మా పాఠమంతా తెలుగులోనే సాగింది. పాఠం ఎవరు ఎవరికి చెప్పారన్నది మీరే చూస్తారు.

అంతకుముందు వాళ్లు మైనాన్ని గ్యాసు పొయ్యి మీద నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించేవారు. ఇది చాలా మంచి పద్ధతి. నీరే అక్కడ కంట్రోలర్. నీరు ఉన్నంతవరకు మైనం 100 డిగ్రీలు దాటదు. ఇబ్బంది ఏమిటంటే నీళ్లు మరిగిపోయిన సంగతి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పైగా మైనంలో నీటి చుక్కలు పడితే కొవ్వొత్తి వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది. మంట పక్కనే మైనం ఉండటం ఎలాగూ మంచిది కాదు. ఇంకో సంగతి, అచ్చులో పోసే మైనం వేడి రోజుకో రకంగా ఉండేది. మరీ వేడిగా పోస్తే చల్లారేటప్పుడు నడుమ గుంట పడుతుంది, రంగూ వాసనా చెడతాయి. వేడి చాలకపోతే కొవ్వొత్తి ఒంటిమీద పొరలు పొరలుగా గీతలు వస్తాయి. 58 నుంచి 60 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్‌ను మేం 75, 80 మధ్య పోసేవాళ్లం.

ముందు లెక్క వేసుకుందాం. మూడు కిలోల మైనాన్ని 30 డిగ్రీల నుంచి 80కి తేవాలి. మైనం విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 2.2 కిలోజౌళ్లు. ఆ లెక్కన వేడెక్కడానికి 330 కిలోజౌళ్లు కావాలి. కరగడానికి కావలసిన గుప్తోష్ణం కిలోకు సుమారు 200, మూడు కిలోలకు 600. మొత్తం 930. వెయ్యి వాట్ల హీటరు సెకనుకు ఒక కిలోజౌలు ఇస్తుంది కాబట్టి 930 సెకన్లు, అంటే పదిహేను నిమిషాల చిల్లర. గాలిలోకి పోయే వేడిని కలుపుకుంటే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అయిదు లీటర్ల అల్యూమినియం గిన్నెకు ఇది సరిపోయే హీటరు. 230 వోల్టుల దగ్గర అది తీసుకునే కరెంటు 4.35 ఆంపియర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఇదే లెక్కను ఇంకొంచెం పొడిగించండి. కరిగి 80 డిగ్రీల దగ్గర ఉన్న అదే మూడు కిలోల మైనాన్ని 200కి తీసుకెళ్లాలంటే ఎంత కావాలి? గుప్తోష్ణం ఇక లేదు. 120 డిగ్రీలకు 792 కిలోజౌళ్లు చాలు. నష్టాలు కలుపుకున్నా పావుగంట దాటి కొంతసేపు. కొవ్వొత్తుల పారఫిన్ ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమనేది సుమారు 200 డిగ్రీల దగ్గర. ఒకరు టీ తాగి కబుర్లు చెప్పుకుని వచ్చేటంత సమయం అన్నమాట.

ఇప్పుడు సెన్సరు. మేం వాడింది కె రకం ఉష్ణయుగ్మం, అంటే థర్మోకపుల్. రెండు వేర్వేరు మిశ్రలోహాల తీగలను ఒక చివర కలిపితే, ఆ చివరకూ రెండో చివరకూ మధ్య వేడిలో ఉండే తేడాను బట్టి చిన్న వోల్టేజి పుడుతుంది. 1821లో సీబెక్ గమనించిన విషయం ఇది. కె రకంలో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. మైనం 80 దగ్గర, కంట్రోలర్ వెనుక స్క్రూలు 30 దగ్గర ఉన్నాయనుకోండి. తేడా 50 డిగ్రీలు, వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు. కంట్రోలర్ తన స్క్రూల వేడిని తానే కొలుచుకుని, ఆ 30ని దీనికి కలిపి 80 అని చూపిస్తుంది.

ఇందులో రెండు ఉచ్చులు ఉన్నాయి. ఒకటి, తీగ పొట్టిగా ఉందని మధ్యలో మామూలు రాగి వైరు అతికించడం. అతుకు గిన్నె పక్కనే ఉండి 50 డిగ్రీల దగ్గర ఉంటే, 30కీ 50కీ మధ్య ఉన్న ఇరవై డిగ్రీలు లెక్కలోంచి మాయమవుతాయి. తెర మీద 80 అని ఉంటే మైనం నిజంగా 100 దగ్గర ఉంటుంది. కాబట్టి కె రకానికి సరిపోయే కాంపెన్సేటింగ్ కేబులే వాడాలి. రెండోది ఇంకా ప్రమాదం. తీగలు తారుమారు చేస్తే మైనం వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది. కంట్రోలర్ పాపం ఇంకా చల్లగా ఉందనుకుని హీటరును ఆపనే ఆపదు. ఎరుపు అంటే ప్లస్ అని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అమెరికా పద్ధతిలో వచ్చే కె తీగల్లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. రంగుల్ని నమ్మకండి. హీటరుకు కరెంటు ఇవ్వకముందే సెన్సరు మొనను గుప్పిట్లో పట్టుకోండి. అంకె పెరగాలి. తగ్గితే తీగలు మార్చండి. పది సెకన్ల పని.

తర్వాత సెన్సరును మరిగే నీళ్లలో ముంచి చూడండి. విల్లియనూరు దాదాపు సముద్రమట్టానికే ఉంది కాబట్టి 100 చూపించాలి. ఊటీలో ఉండేవారికైతే 92, 93 దగ్గరే నీళ్లు మరుగుతాయి. అది సెన్సరు తప్పు కాదు.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. గడ్డగా ఉన్న మైనం వేడిని సరిగా పంపదు. అల్యూమినియంతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. గోడ పక్కన మైనం కరిగి వేడెక్కిపోతూ ఉంటే నడుమ ఇంకా గడ్డే ఉంటుంది. సెన్సరును నడుమ గుచ్చితే అది ఆ గడ్డ సంగతే చెబుతుంది. పైగా మైనం కరిగేటప్పుడు పది శాతానికి పైగా ఉబ్బుతుంది. పైన గడ్డకట్టిన మూతలాంటి పొర ఉంటే కింది ద్రవం దాన్ని పగలగొట్టుకుని ఎగజిమ్మవచ్చు. అందుకని మైనాన్ని చిన్న ముక్కలు చేసి వేయాలి. మొదట 65 దగ్గర పెట్టి, అంతా కరిగాక 78కి మార్చాలి. సెన్సరు అడుగుకు దగ్గరగా, గోడను ఆనుకుని ఉండాలి. నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. ఆ కథకు వస్తాను.

ముందు వైరింగ్ చెబుతాను. కంట్రోలర్ వెనుక స్క్రూలు మూడు కుటుంబాలు: దానికి కరెంటు ఇచ్చేవి, సెన్సరువి, హీటరును నడిపే అవుట్‌పుట్‌వి. పక్కన అంటించిన బొమ్మలో ఏ అంకె దేనిదో ఉంటుంది. ఇంకో కంపెనీ బొమ్మ చూసి కలపకండి, సెన్సరు స్క్రూకు 230 వోల్టులు ఇచ్చారంటే కొత్త కంట్రోలర్ కొనుక్కోవలసిందే.

అవుట్‌పుట్ కొన్నింటిలో చిన్న రిలే. దాని మీద 5 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. మన హీటరుకు 4.35 కదా, సరిపోయిందనిపిస్తుంది. ఆగండి. ఇలాంటి రిలేలకు నిండు లోడు మీద సుమారు లక్షసార్లు కలిసి విడిపోయే ఆయుష్షు ఉంటుంది. ఇరవై సెకన్లకొకసారి పనిచేస్తే గంటకు 180, ఎనిమిది గంటల పనిదినానికి 1,440. లక్ష అయిపోవడానికి డెబ్భై రోజులు. రిలే చచ్చేటప్పుడు తరచుగా కాంటాక్టులు అతుక్కుపోతాయి, అంటే హీటరు ఆగదు. అందుకని మేం కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలే పెట్టాం. 25 ఆంపియర్లది, అల్యూమినియం హీట్‌సింక్ మీద బిగించి. కంట్రోలర్ నుంచి 12 వోల్టుల డీసీ పల్సు దాన్ని నడుపుతుంది. అక్కడ ప్లస్ మైనస్ చూసుకోవాలి. సిస్టమ్ పనిచేస్తున్నప్పుడు అది అయిదారు వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి హీట్‌సింక్‌కు గాలి ఆడాలి. ఇది కూడా పాడైతే ఎక్కువసార్లు ‘ఆన్’లోనే ఉండిపోతుంది. ‘ఆఫ్’లో ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతుంది. లైటు ఆరింది కదా అని హీటరు తీగలు ముట్టుకోకండి, మెయిన్ కట్టేశాకే చెయ్యి పెట్టండి.

రిలే ఫేజ్ తీగలో ఉండాలి, న్యూట్రల్‌లో కాదు. న్యూట్రల్‌ను తెంచితే హీటరు చల్లగానే ఉంటుంది గాని, ప్రాణం తీసే వోల్టేజి దాని మీదే ఉంటుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. గిన్నె దగ్గర మాత్రం ఫైబర్‌గ్లాస్ తొడుగు ఉన్నది వాడండి, మామూలు పీవీసీ కరిగిపోతుంది. గిన్నె ఒంటికి ఎర్తు తప్పనిసరి. పెయింటు, తుప్పు గీకి, లగ్గు వేసి, బోల్టుతో బిగించాలి. ముందు ఒక ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వానాకాలంలో కొన్నాళ్లు వాడకుండా ఉంచిన హీటరు తేమ పీల్చుకుని ఆర్‌సీసీబీని పడేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి కనెక్షన్ ఇవ్వడం. హీటరును ఆరబెట్టండి, ఆర్‌సీసీబీ జోలికి పోకండి.

ఇవన్నీ నేను చక్కగానే చేశాను. ఆటోట్యూన్ కూడా గిన్నె నిండా మైనంతో, రోజూ పనిచేసే తీరులోనే నడిపాను. అంటే కంట్రోలర్ తానే హీటరును కొన్నిసార్లు వెలిగించి ఆర్పి, ఈ గిన్నె ఎంత ఆలస్యంగా వేడెక్కుతుందో, ఎంత ఆలస్యంగా చల్లారుతుందో నేర్చుకుంటుంది. ఆ తర్వాత 78 అంటే 78. ఒక డిగ్రీ అటూ ఇటూ. ఓడ చుక్కాని తనంతట తానే తిరిగేలా చేయడానికి మినోర్‌స్కీ 1922లో రాసిన గణితమే ఇప్పుడు ఈ కొవ్వొత్తుల గిన్నెలో పనిచేస్తోందని వాళ్లకు ఉత్సాహంగా చెప్పాను కూడా. సెన్సరును మాత్రం ఒక తీగ కొక్కెంతో గిన్నె అంచుకు తగిలించి వదిలేశాను. రేపు వచ్చి బిగిద్దాంలే అనుకున్నాను.

మర్నాడు మేమంతా పక్క గదిలో అచ్చులు చూస్తున్నాం. ఎవరో గరిటెతో మైనం కలిపి వచ్చారు. గరిటె తగిలి సెన్సరు పైకి లేచి, గిన్నె బయట వేలాడుతోందని ఎవరూ చూడలేదు. కాసేపటికి పెద్దామె ముక్కు ఎగబీల్చి, “ఏదో మాడుతోంది సార్” అంది. ఒక కుర్రవాడు వెళ్లి తెర చూసి వచ్చాడు. “లేదు పెద్దమ్మా, 36 చూపిస్తోంది. ఇంకా వేడే ఎక్కలేదు.” ఆమె వినలేదు. మేం వెళ్లేసరికి గిన్నె మీద తెల్లటి పొగ. తెర మీద 36. హీటరు లైటు నిండుగా వెలుగుతోంది.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ముప్పై ఏళ్లుగా సైన్సు పాఠాలు చెబుతున్న నా చెయ్యి ముందు మంచినీళ్ల కూజా వైపు వెళ్లింది. ఆమె నన్ను భుజంతో పక్కకు నెట్టి మెయిన్ స్విచ్ కట్టేసింది. పొడుగు కర్రతో మూతను గిన్నె మీదికి జరిపింది. “కాగిన నూనెలో నీళ్లు పోస్తారా సార్ ఎవరైనా?” అంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుందని నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో. అంత వేడి మైనంలో పడిన నీరు అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, మైనాన్ని గది నిండా చిమ్మి ఉండేది. ఇరవై నిమిషాల తర్వాత మూత తీసి గాజు థర్మామీటరు పెడితే ఇంకా 150 దాటే ఉంది.

ఆ రాత్రి ఆలోచిస్తే తేలింది ఇది. కంట్రోలర్ తప్పేమీ చేయలేదు. అది గిన్నెను ఎప్పుడూ చూడలేదు, సెన్సరు మొననే చూసింది. మొన గాలిలో ఉంది, గాలి 36 డిగ్రీలు, అది నిజమే చెప్పింది. ఉష్ణయుగ్మం తీగ తెగిపోయి ఉంటే కంట్రోలర్ కనిపెట్టి ఆపేసేది. చాలా వాటిలో ఆ ఏర్పాటు ఉంది. కాని సెన్సరు తెగిపోలేదు, జారిపోయింది. మరి 95 దాటితే మోగేలా నేను పెట్టిన అలారం? అదీ అదే సెన్సరును చూస్తుంది. కొన్ని కంట్రోలర్లలో, ఎంతసేపు వేడి చేసినా అంకె పెరగకపోతే అనుమానపడే లూప్ బ్రేక్ అలారం ఉంటుంది. ఉంటే వాడండి. అయినా అదీ కంట్రోలర్ లోపలిదే. సాలిడ్ స్టేట్ రిలే అతుక్కుపోతే దానికి దిక్కులేదు.

కాబట్టి కంట్రోలర్‌తో గాని, దాని సెన్సరుతో గాని, రిలేతో గాని ఏ సంబంధమూ లేని ఇంకో కాపలా కావాలి. అది దొరకడం కష్టం కాదు. గీజరులో ఉండే లాంటి బైమెటల్ కట్‌-అవుట్, నొక్కితే తప్ప తిరిగి కలవని రీసెట్ బటన్ ఉన్న రకం. 10 ఆంపియర్లు, 250 వోల్టులది. గిన్నె వెలుపలి గోడకు, హీటరుకు కొంచెం ఎడంగా, స్క్రూలతో గట్టిగా బిగించాం. గోడ మైనం కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి 120 డిగ్రీలకు తెగేది తీసుకున్నాం. 90ది పెడితే ఊరికే తెగుతూ ఉంటుంది, విసిగిపోయి ఎవరో ఒకరు దాన్ని తీసేస్తారు. ఫేజ్ తీగ ఎంసీబీ, ఆర్‌సీసీబీ దాటాక ముందు ఈ కట్‌-అవుట్‌లోకి, అక్కడి నుంచి సాలిడ్ స్టేట్ రిలేకు, ఆ తర్వాత హీటరుకు. తనంతట తానే తిరిగి కలిసే రకం మాత్రం వద్దు. అది ఎవరికీ తెలియకుండా రోజంతా తెగుతూ కలుస్తూ, ఏదో పాడైందన్న సంగతిని దాచిపెడుతుంది.

సెన్సరుకు గోడలోనే అడుగు దగ్గర చిన్న ఇత్తడి గొట్టం అతికించి, అందులో దూర్చి స్క్రూతో బిగించాం. దాని తీగను గిన్నెకు వేరే క్లిప్పుతో పట్టాం, లాగినా లాగుడు మొన దాకా పోకుండా. మెయిన్ స్విచ్‌ను గిన్నె వెనుక గోడ నుంచి తీసి తలుపు పక్కకు మార్చాం. ఆ రోజు ఆమె పొగలోంచి చెయ్యి చాచవలసి వచ్చింది. మూత, కర్ర అక్కడే కొక్కేనికి వేలాడతాయి. గది కూజా మాత్రం బయటికి వెళ్లిపోయింది.

కట్‌-అవుట్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి మైనాన్ని కాల్చి చూడనక్కర్లేదు. మెయిన్ కట్టేసి, బిళ్లను గోడ నుంచి విప్పి, తీగలు కూడా తీసి మల్టీమీటరుకు తగిలించండి. బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టెను ప్లగ్గు తీసి, దాని మీద బిళ్లను ఆనించండి. కాసేపటికి టిక్కుమంటుంది, మీటరులో సంధానం పోతుంది. చల్లారాక బటన్ నొక్కితే తిరిగి రావాలి. టిక్కుమనని బిళ్లను పారేయండి. విల్లియనూరులో ఈ పని నెల మొదటి తారీఖున పెద్దామె చేస్తుంది. చేసిన తేదీని పెట్టె తలుపు మీద సుద్దముక్కతో రాస్తుంది. కిందటిసారి నేను వెళ్లినప్పుడు తేదీ పక్కన ఇంకో మాట కూడా రాసి ఉంది, మొన్నటి బిళ్ల పోయింది, కొత్తది వేశాం అని.